పది నిమిషాల పేకాట

'స్టార్ ట్రెక్' మొదటి సీరియల్‌లో మంచి ఎపిసోడ్లు ఏవని అడిగితే అభిమానులు చెప్పే పేర్లు దాదాపు ఖాయం. 'ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్' అంటారు, 'బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్' అంటారు, నవ్వుకోవడానికి 'ది ట్రబుల్ విత్ ట్రిబుల్స్' అంటారు. 'ది కార్బమైట్ మనూవర్' సంగతి గుర్తు చేస్తే "అవును, అదీ బాగుంటుంది" అని ముందుకు వెళ్ళిపోతారు. నాకు మాత్రం ఆ సీరియల్ పనితనం ఎక్కడుందో చూపించమంటే ముందు దీన్నే చూపించాలనిపిస్తుంది. యాభై నిమిషాల కథ దాదాపు అంతా ఒకే గదిలో జరుగుతుంది. ఆ గదిలో కూర్చున్న మనిషి తన కన్నా ఎన్నో రెట్లు బలమైన శత్రువుకు ఒక అబద్ధం చెబుతాడు. ఆ అబద్ధం నిలబడాలంటే దాని కింద ఎన్ని ఆనికలు కావాలో, అన్నీ ఒక్కొక్కటిగా, చప్పుడు కాకుండా ముందే అమర్చి పెట్టారు.

ఈ ఎపిసోడ్ మరుగున పడడానికి ఒక కారణం దాని వరస తారుమారు కావడం. రెండు నమూనా ఎపిసోడ్లు తీసి, సీరియల్ ఖాయమయ్యాక, మొట్టమొదట చిత్రీకరించింది దీన్నే, 1966 మే నెలలో. కానీ నౌకలూ గోళాలూ కనిపించే ప్రత్యేక దృశ్యాల పని ఇందులో ఎక్కువ. అది తేలేసరికి ఆలస్యమైంది. సీరియల్ సెప్టెంబరు 8న ఎన్‌బీసీలో మొదలైపోయింది, ఇది నవంబరు 10న పదో ఎపిసోడ్‌గా వచ్చింది. డాక్టర్ మెకాయ్‌గా డిఫారెస్ట్ కెలీ, ఉహూరాగా నిషెల్ నికోల్స్ ఈ సీరియల్ కోసం మొదట కెమెరా ముందు నిలబడింది ఇక్కడే. ఉహూరా ఒంటి మీద తర్వాత అందరికీ అలవాటైన ఎర్ర దుస్తులు కూడా ఇంకా లేవు, పసుపు రంగువి ఉంటాయి. పాత్రల్ని పరిచయం చేయడానికి రాసుకున్న చిన్న చిన్న సన్నివేశాలు, అప్పటికే ఆ మనుషులతో తొమ్మిది వారాలు గడిపిన ప్రేక్షకులకు మామూలు కబుర్లలా కనిపించి ఉంటాయి. నిజానికి అసలు సరుకంతా ఆ కబుర్లలోనే దాచారు.

రాసింది జెరీ సోల్, సైన్స్ ఫిక్షన్ నవలాకారుడు. అంతకు ముందు 'ట్వైలైట్ జోన్'కు, జబ్బు పడిన మిత్రుడు చార్లెస్ బోమాంట్ పేరు మీద, తెర వెనక ఉండి స్క్రిప్టులు రాసిపెట్టాడు. భయపెట్టే బొమ్మ కథ 'లివింగ్ డాల్' అలా వచ్చిందే. ఇంకొకరి ముఖం వెనక ఉండి మాట్లాడడం ఆయనకు కొత్త కాదన్నమాట. ఈ ఎపిసోడ్ చివరిదాకా చూసినవాళ్ళకు ఈ మాట ఎందుకు ఎత్తానో తెలుస్తుంది.

కథ ఇది. ఎంటర్‌ప్రైజ్ నౌక ఎవరూ వెళ్ళని ప్రాంతంలో నక్షత్రాల పటం గీస్తూ పోతుంటే, రంగురంగుల వెలుగుతో తిరిగే ఒక ఘనం దారికి అడ్డం వస్తుంది. ఒక్కో అంచు 107 మీటర్లు, బరువు 11,000 టన్నులకు కొంచెం తక్కువ. లోపల ఏముందో, ఎలా కదులుతుందో తెలియదు. కెప్టెన్ కర్క్ ఆ సమయానికి అక్కడ లేడు. కింద వైద్యశాలలో, చొక్కా లేకుండా చెమటలు కక్కుతూ, డాక్టరు పెట్టిన పరీక్షలో కాళ్ళతో యంత్రం తొక్కుతున్నాడు. గోడ మీద ప్రమాద సూచనగా ఎర్రదీపం వెలిగి ఆరుతుంటుంది. కర్క్ అటు చూడడం లేదు, డాక్టరు చూస్తూనే ఉన్నాడు. చూసీ చెప్పడు. పరీక్ష పూర్తయ్యాకే కర్క్ దీపాన్ని గమనించి మండిపడతాడు. కనిపించీ చెప్పలేదేం అంటే, మొత్తానికి నీ పరీక్ష పూర్తి చేశానుగా అంటాడు డాక్టరు. నవ్వించి వదిలేసే సన్నివేశం. కానీ ఎపిసోడ్ సూత్రం మొత్తం ఇందులో ఉంది: చేతిలో ఉన్నదాన్ని కనబడనివ్వకుండా, ఎదుటివాడి చేత మనకు కావలసిన పని చేయించుకోవడం. మొదటి ఐదు నిమిషాల్లో ఒకసారి ఆడి చూపించేశారు.

ఘనం 18 గంటలు వాళ్ళని అక్కడే నిలబెడుతుంది. వెనక్కి తగ్గితే వెంటాడుతుంది, దగ్గరయ్యే కొద్దీ ప్రాణాంతకమైన కిరణాలు చిమ్ముతుంది. చివరికి పేల్చేయక తప్పదు. ఈ భాగంలో మనం చూడాల్సింది ఘనాన్ని కాదు, బెయిలీ అనే కుర్ర నావిగేటర్‌ని. ఆంథొనీ కాల్ వేశాడు. అవసరానికి మించి గట్టిగా మాట్లాడతాడు, ఆదేశం వినగానే చేయి కదలదు, ఒక్క క్షణం తడబడతాడు. భయపడ్డావా అంటే ఒప్పుకోడు, అది ఒంట్లో అడ్రినలిన్ పని అంటాడు. ఆ గ్రంథి తీయించుకునే ఆలోచన చేశారా అని నౌక శాస్త్రాధికారి స్పాక్ తాపీగా అడుగుతాడు. ఈ కుర్రాడికి పదోన్నతి తొందరపడి ఇచ్చావని, పదకొండేళ్ళ కిందటి నిన్ను వాడిలో చూసుకుంటున్నావని డాక్టరు కర్క్‌తో తగువు పెట్టుకుంటాడు. ఈ తగువు పక్కన పెట్టండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఘనాన్ని పేల్చిన తర్వాత అసలు ఓడ వస్తుంది. పేరు ఫెసేరియస్. తెర మీద చుక్కగా మొదలై, వెలిగే గుండ్రటి గుబ్బలతో నిండిన గోళంగా పెరుగుతూ పోతుంది. అడ్డంగా ఒక మైలు ఉంటుందని అంచనా వేస్తారు. పక్కన ఎంటర్‌ప్రైజ్ చిన్న బొమ్మలా మిగులుతుంది. ఫ్రెడ్ స్టైనర్ సంగీతం ఇక్కడ బరువైన ఇత్తడి వాద్యాలతో ఆ పరిమాణాన్ని చెవికి అందిస్తుంది. 'పెరీ మేసన్' సీరియల్ టైటిల్ బాణీ కట్టిందీ ఆయనే. ఈ రాక్షసగోళాన్ని చూసి మిగతావాళ్ళు బిగుసుకుపోతారు. స్పాక్ ఒక్కటే మాట అంటాడు: "ఫాసినేటింగ్". అది ఎలా అనాలో లెనర్డ్ నిమోయ్‌కి మొదట అంతుపట్టలేదట. అందరితో పాటు కంగారుగా అనబోతే దర్శకుడు జోసెఫ్ సార్జెంట్ ఆపి, నువ్వు వాళ్ళలా ఉండకు, దూరంగా నిలబడి గమనించే శాస్త్రవేత్తలా అను అన్నాడని నిమోయ్ తర్వాత చెప్పుకున్నాడు. స్పాక్ అంటే ఎవరో తనకు తెలిసింది ఆ ఒక్క మాటతోనేనని కూడా అన్నాడు. సీరియల్ నడిచినన్నాళ్ళూ ఆ పాత్రకు ఊతపదంగా నిలిచిన మాట ఒక దర్శకుడు సెట్టులో చేసిన చిన్న సవరణ.

ఇక్కడి నుంచి సోల్ తలుపులు మూయడం మొదలుపెడతాడు. ఫెసేరియస్ అధిపతి బేలాక్ గొంతు వినిపిస్తుంది. ఆయుధాలు వాడినా, పారిపోబోయినా వెంటనే నాశనం చేస్తానంటాడు. ఒక తలుపు. కర్క్ మేం శాంతి కోరి వచ్చామంటాడు, నమ్మడు. రెండో తలుపు. ఈ దారిలో ఇంకో నౌక రాకుండా హెచ్చరిక నింపి వదిలిన పేటికను బేలాక్ పేల్చేస్తాడు. మూడోది. నౌక యంత్రాలూ ఆయుధాలూ పనిచేయడం మానేస్తాయి. బేలాక్ అప్పటికే నౌక కంప్యూటర్‌లోని రికార్డులన్నీ చదివేశాడు. ఆ ఆఖరి విషయం మాటల మధ్యలో దొర్లిపోతుంది, ప్రేక్షకుడు పెద్దగా పట్టించుకోడు. చివరికి తీర్పు: మీకు దేవుడో దేవుళ్ళో, అలాంటి ఓదార్పు ఏదో ఉండే ఉంటుంది, సిద్ధపడడానికి మీ లెక్కలో పది నిమిషాలు ఇస్తున్నాను. బెదిరింపులో ఆ మర్యాద పెట్టడం రచయిత తెలివి. అరిచేవాడితో బేరం ఆడొచ్చు. ఇంత నిదానంగా గడువిచ్చేవాడు లెక్క తేల్చుకునే మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది.

తెర మీద బేలాక్ ముఖం కనిపించేది అప్పుడే. పెద్ద తల, ముడతలు, మీదికి ఎగబాకిన కళ్ళు. వా చాంగ్ అనే శిల్పి చేసిన బొమ్మ అది. గొంతు టెడ్ కాసిడీది, ఆరడుగుల తొమ్మిది అంగుళాల మనిషి. బొమ్మ అన్న సంగతి పట్టుబడకుండా బొమ్మను నీటిలో నీడలాగా అలలు అలలుగా కదిలించారు. ప్రసారం సరిగ్గా అందడం లేదనుకుంటాం. 1966 నాటి ప్రేక్షకుడు బొమ్మ అని పసిగట్టినా, పాపం తక్కువ డబ్బుతో తీశారులే అని సర్దుకుంటాడు. ఆ సర్దుబాటునే కథ ఆయుధంగా వాడుకోబోతోంది. చేతకానితనంలా కనిపించేదాన్ని కథలో భాగంగా మార్చిన ఇలాంటి ఉదాహరణ పాత టెలివిజన్‌లో నాకు ఇంకొకటి తట్టడం లేదు.

గడియారం నడుస్తుంటుంది. చుక్కాని దగ్గరున్న సులూ నిమిషాలు చెబుతుంటాడు. ఆ లెక్కే బెయిలీని విరిచేస్తుంది, మీకు చీమ కుట్టినట్టయినా లేదా అని అందరి మీదా అరుస్తాడు. కర్క్ అతన్ని విధుల నుంచి తప్పించి డాక్టరుతో పంపేస్తాడు. అక్కడే స్పాక్ తన సలహా చెబుతాడు: చదరంగంలో ఎదుటివాడు మించిపోతే ఆట ముగుస్తుంది, ఆటకట్టు. ఇంతకన్నా ఏమీ తోచడం లేదని చెప్పేటప్పుడు అతని గొంతులో క్షమాపణకు దగ్గరగా ఏదో ఉంటుంది. చదరంగంలో దాపరికం లేదు. రెండు పక్షాల బలగమూ బల్ల మీదే ఉంటుంది. బల్ల మీద ఉన్నదాన్ని చూస్తే స్పాక్ చెప్పింది అక్షరాలా నిజం.

ఇప్పుడు పక్కన పెట్టిన తగువు తిరిగి వస్తుంది. బెయిలీ విషయంలో నేను ముందే హెచ్చరించానని వైద్య రికార్డులో రాస్తాను, ఇది ఉత్త బెదిరింపు కాదు అంటాడు డాక్టరు. నువ్వు నన్ను బ్లఫ్ చేసిన రోజు చూద్దాంలే అని కర్క్ చిరాగ్గా అనబోతాడు, ఆ మాట దగ్గర ఆగిపోతాడు. ముఖం మారుతుంది. చదరంగం కాదు మిస్టర్ స్పాక్, పోకర్ అంటాడు. ఎపిసోడ్ మొత్తాన్ని తిప్పే ఆలోచన ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఇద్దరు స్నేహితులు వేరే విషయం మీద పోట్లాడుకుంటుంటే నోటి నుంచి జారిన ఒక మాటలోంచి వచ్చింది. బెయిలీ తడబాటు, డాక్టరు తగువు, స్పాక్ చదరంగం, మూడు దారాలూ ఒక ముడిలో పడ్డాయి. ఇందులో ఏది తీసేసినా కర్క్‌కి ఆ ఆలోచన రాదు.

పోకర్‌కు చుట్టమైన మన మూడు ముక్కలాట ఆడినవాళ్ళకి ఇక చెప్పాల్సిన పని లేదు. చేతిలో ఏమీ లేకపోయినా పందెం పెంచుకుంటూ పోవాలి, ముఖంలో ఏమీ కనబడకూడదు. అయితే ఉత్త ధైర్యం చాలదు, చెప్పే అబద్ధం ఎదుటివాడికి ఇప్పటికే తెలిసిన వాటికి అతుక్కోవాలి. కర్క్ చెప్పేది ఇది: మా నౌకల నిర్మాణంలో కార్బమైట్ అనే పదార్థం ఉంది. ఎవరైనా మా మీద దాడి చేస్తే అంతే బలంతో ఎదురు పేలుడు జరిగి, దాడి చేసినవాడు నాశనమవుతాడు. రెండు శతాబ్దాలకు పైగా మా మీద దాడి చేసిన ఏ ఓడా బతికి బయటపడలేదు.

విడదీసి చూడండి. బేలాక్ రికార్డులన్నీ చదివాడు, అందులో కార్బమైట్ లేదు. అందుకని కర్క్ ముందే అంటాడు: మా నౌకల జ్ఞాపకాల్లో ఎక్కడా నమోదు చేయని కీలక విషయం ఒకటి ఉంది. శత్రువు దగ్గరున్న ఏకైక సాక్ష్యాన్ని అబద్ధానికి సాక్ష్యంగా తిప్పేశాడు. రికార్డులో లేకపోవడమే రహస్యం అనడానికి రుజువు! మరి అంత రహస్యాన్ని శత్రువుకెందుకు చెబుతున్నట్టు? ఇతర ప్రాణుల పట్ల మాకున్న గౌరవం వల్ల హెచ్చరించక తప్పడం లేదంటాడు. బేలాక్ నమ్మని శాంతి మాటే ఇప్పుడు బెదిరింపుకు హేతువయింది. మూడోది, ఎంత బలంతో కొడితే అంత బలం తిరిగి వస్తుందనడం. ఎదుటివాడి ఓడ ఎంత పెద్దదైతే వాడికి భయం అంత ఎక్కువ. మైలు వెడల్పు గోళం ఇప్పుడు వాడికే బరువు. చివరిది నాకు అన్నిటికన్నా ఇష్టం. మాకు చావంటే లెక్క లేదు, మీకూ లేకపోతే కానివ్వండి, మీ మూర్ఖత్వంతో మాకు విసుగొస్తోంది అని ముగిస్తాడు. కోపం కాదు, విసుగు. నిజంగా చేతిలో ముక్కలున్నవాడే విసుక్కోగలడు.

విలియం షాట్నర్ నటన మీద తర్వాతి రోజుల్లో చాలా హాస్యాలు పుట్టాయి. ఆ హాస్యాలు తెలిసినవాళ్ళు ఈ ప్రసంగం ఒకసారి చూడాలి. కుర్చీలో కదలడు. గొంతు పెంచడు. మాటల మధ్య విరామాలు మాత్రం కచ్చితంగా పడతాయి. అబద్ధం కనిపించేది చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాల్లో. కెప్టెన్ ఏం చేస్తున్నాడో ఒక్కొక్కరికీ ఒక్కో క్షణంలో అర్థమవుతుంటుంది.

చేతకాని రచయితైతే ఇక్కడ శత్రువును వెనక్కి పంపేసేవాడు. సోల్ మౌనాన్ని పెడతాడు. జవాబు రాదు, గడియారం ఆగదు. ఆఖరి నిమిషంలో తలుపు తెరుచుకుని బెయిలీ వచ్చి, తన చోట కూర్చోవడానికి అనుమతి అడుగుతాడు. కర్క్ ఇస్తాడు. చావు ఖాయమనుకున్న సమయంలో తిరిగి రావడం కన్నా ఆ కుర్రాడి గురించి ఇంకేం చెప్పాలి? గడువు దాటుతుంది, ఎవరూ చావరు. అప్పుడు బేలాక్ అడుగుతాడు: ఆ కార్బమైట్‌కు రుజువు చూపిస్తే వదిలేస్తాను. మూడు ముక్కలాటలో దీన్ని షో అడగడం అంటారు, ముక్కలు లేనివాడికి ఇంతకు మించిన గండం లేదు. కర్క్ వెంటనే జవాబివ్వడు, కాసేపు వాణ్ణి చెమటలు పట్టనివ్వండి అంటాడు. తర్వాత రెండే మాటలు: కుదరదు, చూపించం. చూపించకపోవడమే ముక్కలున్నాయనడానికి గుర్తుగా నిలబడుతుంది. చాలా ఆసక్తికరమైన ఆట అని స్పాక్ ఒప్పుకుంటాడు.

రెండో సగం గురించి అభిమానులు అంతగా మాట్లాడరు. పెద్ద గోళం నుంచి ఒక చిన్న ఓడ విడివడి ఎంటర్‌ప్రైజ్‌ని లాక్కుపోతుంది. కర్క్ ఇంజన్లు పేలేంత బలంతో పక్కకు లాగి తెంచుకుంటాడు. ఈ పెనుగులాట కొంచెం సాగుతుంది, కెమెరా ఊగడమూ మనుషులు కుర్చీలు పట్టుకోవడమూ తప్ప చూడడానికి ఏం లేదు. పనిలో పనిగా, ఆడమనిషిని తన సేవకు వేశారని కర్క్ గొణగడం లాంటివి కూడా పాతబడిపోయాయి. అదే ఆడమనిషి, యోమన్ రాండ్, వంటగదిలో కరెంటు లేకపోతే చేతి ఫేజర్ తుపాకీతో కాఫీ కాచి తెస్తుంది. అది మాత్రం ఇప్పటికీ కొత్తగానే ఉంది.

తెంచుకున్నాక చిన్న ఓడ చచ్చిపడుతుంది. అందులోంచి వచ్చే సాయం పిలుపు పెద్ద ఓడకు అందనంత బలహీనం. పారిపోవడానికి ఇదే సమయం. కర్క్ డాక్టరునీ బెయిలీనీ తీసుకుని సాయానికి వెళతాడు. ఇది సోల్ కట్టిన రెండో అంతస్తు. మొదటి భాగంలో కర్క్ శాంతి మాట ఎవరూ నమ్మలేదు, అబద్ధం నమ్మారు. అబద్ధం పని తీరిపోయాక శాంతి మాటను చేసి చూపించాల్సి వచ్చింది. వెళ్ళేముందు నౌక ఇంజనీరు స్కాటీ హెచ్చరిస్తాడు: లోపల ఇరుకుగా ఉంది, వంగండి. ముగ్గురూ నడుం వంచుకునే ప్రత్యక్షమవుతారు. ఆ ఒక్క భంగిమతో బేలాక్ ఒడ్డూ పొడుగూ ముందే చెప్పేశారు, మనకు తట్టదంతే.

లోపల తెర మీద చూసిన భయంకర ముఖం కుర్చీలో కూర్చుని ఉంటుంది. కదలదు. బొమ్మ. బొమ్మ అని మనం అనుకున్నప్పుడు నిజంగానే బొమ్మ! అసలు బేలాక్ పసివాడి రూపంలో, నవ్వుతూ, పానీయం పోసి ఇస్తాడు. ఆ పాత్ర వేసిన క్లింట్ హవర్డ్‌కి అప్పుడు ఏడేళ్ళు. గొంతు వాకర్ ఎడ్మిస్టన్ అనే పెద్దమనిషిది. లావుపాటి గొంతు మరుగుజ్జు శరీరంలోంచి రావడం కాస్త విడ్డూరంగా ఉంటుంది కానీ, ఆ విడ్డూరమే కావాలి. మీ రికార్డులు చదివాను, అవి మోసం కావచ్చు కదా, మీ ఉద్దేశం నిజంగా తెలుసుకోవాలి అంటాడు బేలాక్. మైలు వెడల్పు ఓడ మొత్తానికి ఉన్నది ఆయన ఒక్కడే. అంటే ఆ ఆటలో ముక్కల్లేకుండా పందెం కాసింది కర్క్ ఒక్కడే కాదు. ఇద్దరూ ఉత్త చేతులతో కూర్చుని ఒకరినొకరు భయపెట్టుకున్నారు. మనుషుల గురించి బేలాక్ తెలుసుకోవడానికి ఎవరో ఒకరు అక్కడ ఉండిపోవాలంటే బెయిలీ ముందుకు వస్తాడు. అందరికన్నా ముందు భయపడినవాడు.

ఆ బొమ్మ ముఖం తర్వాత ఎన్నో ఎపిసోడ్ల చివర పేర్లు పడేటప్పుడు కనిపించేది. అసలు ఎపిసోడ్ చూడనివాళ్ళకు కూడా ఆ ముఖం తెలుసు. సార్జెంట్ సినిమాల్లోకి వెళ్ళి 1974లో 'ది టేకింగ్ ఆఫ్ పెలమ్ వన్ టూ త్రీ' తీశాడు. అందులోనూ మూసిన గది, ఎదుట గొంతు, మధ్యలో గడువు.

కార్బమైట్ మాత్రం ఇంకోసారి తిరిగి వచ్చింది. 1967 డిసెంబరులో వచ్చిన 'ది డెడ్లీ యియర్స్'లో కర్క్ శత్రుజాతి రోములన్ల మీద అదే అబద్ధం ప్రయోగిస్తాడు. వాళ్ళు ఛేదించేసిన సంకేతభాషలో కావాలనే సందేశం పంపిస్తాడు. అది విని వాళ్ళు వెనక్కి తగ్గుతారు. సంకేతభాష ఎత్తు బాగుంది. కానీ అది ఒక నిమిషంలో అయిపోతుంది, ఎవరూ షో అడగరు.